ఆరు నెలలుగా కవర్‌ని, ఒక్క షో కూడా రాలేదు

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్లు. గుంటూరులో పుట్టాను, ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో పెరిగాను. చిన్నప్పటి నుంచి కూచిపూడి, పాట రెండూ ఉన్నాయి. ఇంట్లో పెద్ద యుద్ధమే చేసి మ్యూజికల్ థియేటర్‌లో మూడేళ్ల డిగ్రీ చేశాను. బయటికి రాగానే ఊరూరా తిరిగే ఒక పెద్ద మ్యూజికల్‌లో ఉద్యోగం దొరికింది. ఎన్‌సాంబుల్‌లో, అంటే గుంపు వేషాల్లో ఉంటాను, దాంతోపాటు రెండో హీరోయిన్ పాత్రకు సెకండ్ కవర్‌ని, అంటే ఆ నటీ, ఆమె బదులు వేసే ఫస్ట్ కవరూ ఇద్దరూ రాకపోతే వేసేది నేను. ఆరో నెల నడుస్తోంది. ఆ పాత్ర మాటలు, పాటలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ ఒక్క షో కూడా రాలేదు. ఆమె సెలవు పెడితే ఫస్ట్ కవర్ చేస్తుంది, నేను నా గుంపులోనే ఉంటాను. పోయిన నెల అమ్మానాన్న షోకి వచ్చారు. తిరిగి వెళ్లేటప్పుడు కారులో నాన్న, "నువ్వెక్కడున్నావో వెతుక్కోవడంతోనే సరిపోయింది" అన్నారు. ఇప్పుడు కాంట్రాక్ట్ అయిపోవస్తోంది. ఇంకో ఏడాది ఉండమంటున్నారు, అయితే స్వింగ్‌గా. అంటే రోజూ స్టేజీ మీద కూడా కనిపించను. ఇదే సమయంలో లండన్‌లో ఒక పబ్బు మేడ మీదున్న చిన్న థియేటర్‌లో కొత్త మ్యూజికల్‌కి, నాలుగు వారాలు, మెయిన్ రోల్ ఇస్తామన్నారు. డబ్బు లేనట్టే. నాన్న మాత్రం మాస్టర్స్‌కి అప్లై చెయ్యమంటున్నారు. ముందుకెళ్తున్నానో వెనక్కెళ్తున్నానో తెలియక టెన్షన్‌గా ఉంది. నన్ను 'నువ్వు' అనే పిలవండి.

జవాబు: ముందు స్వింగ్ సంగతి తేల్చుకుందాం. మిగతా రెండు దారుల గురించి నువ్వు బాగానే ఆలోచించావు. దీన్ని మాత్రం శిక్ష వేసినట్టు చదువుకున్నావు.

ఈ వృత్తి గురించి తెలుగులో రాసింది తక్కువ. అందుకని మిగతా పాఠకుల కోసం కాస్త వివరంగా చెబుతాను. నువ్వు ఈ పేరా దాటేసినా నష్టం లేదు. పెద్ద మ్యూజికల్‌లో పేరున్న పాత్రలు కొన్నే ఉంటాయి. వాటి చుట్టూ ఊరి జనంగా, సైనికులుగా, హోటల్లో వెయిటర్లుగా, పెళ్లివారుగా వేషాలు మారుస్తూ పాడే, ఆడే బృందం ఎన్‌సాంబుల్. అందులో ఒక్కొక్కరికీ మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఒక దారి గీసి ఉంటుంది. ఏ పాటలో ఎక్కడ నిలబడాలి, కోరస్‌లో ఏ స్వరం పట్టుకోవాలి, పోతూ పోతూ ఏ కుర్చీ తీసుకుపోవాలి, ఎన్ని సెకన్లలో బట్టలు మార్చుకోవాలి, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ట్రాక్ అంటారు. ఎన్‌సాంబుల్‌లో ఉంటూనే ఒక పెద్ద పాత్ర నేర్చుకుని, అసలు నటి రాని రోజు అది వేసేవాళ్లు అండర్‌స్టడీలు. ఇంగ్లండ్‌లో కవర్ అనే మాట ఎక్కువ వాడతారు. స్టాండ్‌బై రోజూ షోలో ఉండరు, ఒకటో రెండో పెద్ద పాత్రల కోసమే సిద్ధంగా ఉంటారు. స్వింగ్ కూడా రోజూ స్టేజీ మీద ఉండరు. కానీ ఎన్‌సాంబుల్‌లోని చాలా ట్రాకులు నేర్చుకుని ఉంటారు, ఎవరు రాకపోతే వాళ్ల చోటులోకి వెళ్తారు.

నేను చాలా ఏళ్లు లండన్ థియేటర్లలో స్టేజ్ మేనేజ్‌మెంట్‌లో పనిచేశాను. ప్రాంప్ట్ డెస్క్ దగ్గర హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుని లైట్లు, సెట్లు ఎప్పుడు మారాలో క్షణం చూసి చెప్పే, అంటే క్యూలు ఇచ్చే ఉద్యోగం. అక్కడ కూర్చుంటే కంపెనీలో ఎవరి అవసరం ఎంతో ప్రేక్షకులకు కనిపించే లెక్కలో కనిపించదు. తెర లేవడానికి 35 నిమిషాల ముందు 'హాఫ్' పిలుస్తాం. ఆపాటికి అందరూ సంతకం పెట్టి లోపల ఉండాలి. సరిగ్గా అప్పుడే ఒకమ్మాయికి చీలమండ మెలిక పడిందనీ, ఇంకొకబ్బాయికి గొంతు పోయిందనీ కబురొస్తుంది. అప్పుడు బిల్డింగంతా ఒకటే పేరు వినిపిస్తుంది, స్వింగ్‌ది. డాన్సులన్నీ చూసుకునే డాన్స్ కెప్టెన్ కాగితం తీసుకుని, ఫలానా పాట దాకా నువ్వు ఆమె ట్రాక్, అక్కడి నుంచి ఇతను డాన్స్‌లో మనిషిని ఎత్తే లిఫ్ట్ నీది, మధ్యలో టేబుల్ ఇంకెవరో తీసేస్తారు అని గీతలు గీస్తారు. రెండు ట్రాకులు కలిపి ఒక్క మనిషే చేసే రోజులూ ఉంటాయి. హాలు నిండా ఉన్న జనంలో ఒక్కరికీ ఏమీ తెలియదు. తెలియకపోవడమే ఆ పని బాగా జరిగిందనడానికి గుర్తు కాబట్టి, చప్పట్లు కూడా విడిగా రావు.

ఒక్కసారి మాత్రం ప్రపంచమంతా విన్నది. 2021 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఒమిక్రాన్ ఉధృతంగా ఉంది. 'ద మ్యూజిక్ మ్యాన్' అనే మ్యూజికల్‌కి ప్రివ్యూలు, అంటే అసలు ప్రారంభానికి ముందు ఆడే షోలు నడుస్తున్నాయి. హీరోయిన్ సటన్ ఫోస్టర్‌కి కోవిడ్ వచ్చింది. డిసెంబర్ 23 సాయంత్రం ఆ పాత్ర వేసింది స్వింగ్‌గా ఉన్న కాథీ వోయిట్కో. షో అయ్యాక హీరో హ్యూ జాక్‌మన్ ఆమెను ముందుకు పిలిచి, ఆమె ఎనిమిది పాత్రలకు సిద్ధంగా ఉందనీ, మధ్యాహ్నం పన్నెండింటికి కబురు తెలిసిందనీ, ఒంటిగంటకు ఆ పాత్రలో మొట్టమొదటి రిహార్సల్ జరిగిందనీ చెప్పాడు. స్వింగులూ అండర్‌స్టడీలూ బ్రాడ్‌వేకి, అంటే న్యూయార్క్ పెద్ద థియేటర్లకు, పునాది అన్నాడు. ఆ వీడియో నువ్వు చూసే ఉంటావు. చూడకపోతే మీ నాన్నగారితో కలిసి చూడు.

అయితే నీకు స్వింగ్ ఇస్తామన్నారంటే అర్థం ఏమిటి? ఈ అమ్మాయి త్వరగా నేర్చుకుంటుంది, కంగారుపడదు, ఇతరుల దారిలో అడ్డం రాదు అని డాన్స్ కెప్టెనో, షో నడిచినన్నాళ్లూ నటన చూసుకునే రెసిడెంట్ డైరెక్టరో గమనించారన్నమాట. మొదటి ఉద్యోగంలోనే ఆ నమ్మకం రావడం మామూలు విషయం కాదు. జీతం కూడా చూసుకో. స్వింగ్ బాధ్యతకూ, కవర్ చేసే పాత్రలకూ నటుల యూనియన్ ఈక్విటీ ఒప్పందాల్లో మామూలు జీతం మీద అదనపు డబ్బు ఉంటుంది, పాత్ర వేసిన రోజుకి వేరే ఉంటుంది. నీ కాంట్రాక్ట్‌లో ఏది ఎంతని రాశారో ఏజెంట్ చేత వివరంగా చెప్పించుకో.

ఇందులో ఒక ఉచ్చు కూడా ఉంది, అది చెప్పకపోతే సగం చెప్పినట్టే. మంచి స్వింగులు దొరకడం కష్టం. అందుకని ఒకసారి బాగా చేస్తే, తర్వాతి షోకి కూడా స్వింగ్‌గానే పిలుస్తారు, ఆ తర్వాతి షోకి కూడా. పది ట్రాకులు తెలిసిన మనిషిని ఒక్క ట్రాక్‌లో పెట్టడం నిర్మాతకు దండగ అనిపిస్తుంది. కొందరికి ఆ జీవితం ఇష్టం, ముప్ఫైల్లో డాన్స్ కెప్టెన్‌గా, అక్కడి నుంచి రెసిడెంట్ డైరెక్టర్‌గా, అసోసియేట్ కొరియోగ్రాఫర్‌గా వెళ్తారు. అది గౌరవమైన దారి. కానీ నీ కోరిక పాత్రలు వేయడమైతే, వరసగా రెండు స్వింగ్ కాంట్రాక్టులు చేసే ముందు చాలా ఆలోచించాలి.

ఇక ఆరు నెలలుగా ఛాన్స్ రాకపోవడం. సెకండ్ కవర్‌కి ఆరు నెలలు రాకపోవడం రోజూ జరిగే విషయం. ఆ పాత్ర వేసే నటి ఆరోగ్యంగా ఉండి, ఫస్ట్ కవర్ కూడా ఆరోగ్యంగా ఉంటే నీ వంతు ఎక్కడి నుంచి వస్తుంది? నీ ప్రతిభ మీద ఎవరూ తీర్పు చెప్పలేదు. నీకు ఈ బాధ కలగడానికి సగం కారణం మన వృత్తిలో తిరిగే కథలే అని నా అనుమానం. 1954లో 'ద పజామా గేమ్'లో క్యారల్ హేనీ చీలమండకు దెబ్బ తగిలితే, ఎన్‌సాంబుల్‌లోంచి షిర్లీ మెక్‌లేన్ ఆ పాత్రలోకి వచ్చింది, హాలీవుడ్ నిర్మాత హాల్ వాలిస్ చూసి తీసుకెళ్లాడు. 1987లో లండన్ డ్రూరీ లేన్‌లో '42వ స్ట్రీట్' ఆడుతుంటే, టీనేజీలో ఉన్న కేథరిన్ జీటా-జోన్స్ అచ్చం నీలాగే సెకండ్ కవర్. హీరోయిన్, ఫస్ట్ కవర్ ఇద్దరూ లేని రోజున ఆమె వేసింది, నిర్మాత చూశాడు, పాత్ర ఆమెదైంది. విచిత్రం, ఆ మ్యూజికల్ కథ కూడా కోరస్ పిల్ల రాత్రికి రాత్రి హీరోయిన్ కావడమే. ఇలాంటి కథలు డెబ్బై ఏళ్లుగా చెప్పుకుంటున్నామంటే అవి అరుదు కాబట్టే. వాటిని కొలతగా పెట్టుకుంటే ఇంకొకరి చీలమండ విరగాలని ఎదురుచూడటం తప్ప చేసేదేమీ ఉండదు. అది మనసుకూ మంచిది కాదు, డ్రెస్సింగ్ రూముకూ మంచిది కాదు.

నీకు పనికొచ్చే ఉదాహరణలు వేరే ఉన్నాయి. పైన చెప్పిన సటన్ ఫోస్టర్‌నే చూడు. పదిహేడేళ్లకే టూరింగ్ షోలో చేరింది. బ్రాడ్‌వేలో ఎన్‌సాంబుల్‌లో చేసింది, 'లే మిజరాబ్'లో అండర్‌స్టడీగా ఉంది. 2000లో 'థరోలీ మోడర్న్ మిల్లీ'ని కాలిఫోర్నియాలోని లా హోయాలో తొలిసారి తయారు చేస్తున్నప్పుడు కూడా ఆమె అండర్‌స్టడీయే. అక్కడ హీరోయిన్‌ని మార్చారు, ఆ పాత్ర సటన్‌కి వచ్చింది, 2002లో బ్రాడ్‌వే వాళ్లకిచ్చే టోనీ అవార్డు వచ్చింది. ఆ ఒక్క మలుపుకు ముందు గుంపులో ఎన్ని ఏళ్లున్నాయో పేపర్లో రాయరు.

లండన్ వైపు నుంచి కెర్రీ ఎలిస్ నాకు ఇష్టమైన ఉదాహరణ. 2001లో 'మై ఫెయిర్ లేడీ'లో హీరోయిన్ ఎలిజా పాత్రకు అండర్‌స్టడీ. 2002లో 'వీ విల్ రాక్ యూ'లో సొంతంగా పెద్ద పాత్ర వచ్చింది. అయినా 2006లో 'వికెడ్' లండన్‌కి వచ్చినప్పుడు ఇడీనా మెంజెల్‌కి స్టాండ్‌బైగా చేరింది. ఒకసారి పెద్ద పాత్ర వేసి మళ్లీ స్టాండ్‌బైగా వెళ్లడమా అని ఆమె చుట్టాలు కూడా అనే ఉంటారు. మెంజెల్ వెళ్లిపోయాక ఆ షోలో ప్రధాన పాత్ర, ఆకుపచ్చ మంత్రగత్తె ఎల్ఫాబా, కెర్రీదే అయింది. ఈ వృత్తిలో మెట్లు పైకే కట్టి ఉండవు, అడ్డంగానూ ఉంటాయి.

ఆ 'మై ఫెయిర్ లేడీ' గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఎలిజా వేసే మార్టిన్ మెకచన్ అనారోగ్యంతో తరచూ రాలేకపోయేది. ఒక వారం హీరో హిగిన్స్ వేసే జొనాథన్ ప్రైస్ ముగ్గురు ఎలిజాలతో నటించాల్సి వచ్చింది. ఆయన ప్రేక్షకులతో, మీకు ఈవిడ మొదటి ఎలిజా, నాకు ఇవాళ రెండో ఎలిజా, ఈ వారంలో మూడో ఎలిజా, ఆసక్తి ఉన్నవాళ్లకు తలుపు దగ్గర అప్లికేషన్లు ఉన్నాయి అన్నాడట. మన పద్యనాటకాల వాళ్లకు ఇది వింతగా అనిపించదు. రాయబారం నాటకంలో ఒక సీన్‌కి ఒక కృష్ణుడు, ఇంకో సీన్‌కి ఇంకో కృష్ణుడు రావడం కోస్తా ఊళ్లలో అందరూ చూసినదే. రెండో కృష్ణుడి గొంతు కోసమే అర్ధరాత్రి దాకా కూర్చున్నవాళ్లున్నారు. పాత్ర మనిషి కంటే పెద్దదని ఒప్పుకున్న ప్రేక్షకులు మనవాళ్లు. లండన్‌లో ఇప్పటికీ లాబీ బోర్డు మీద అండర్‌స్టడీ పేరు చూసి మొహం ముడుచుకునేవాళ్లున్నారు.

ఇప్పుడు నువ్వు వెంటనే చేయగలిగినవి. నిన్ను కవర్‌గా నిజంగా తయారు చేస్తున్నారా, లేక కాగితం మీద పేరు మాత్రమే ఉందా? కవర్ రిహార్సల్స్ ఎన్నాళ్లకోసారి పెడుతున్నారు? సెకండ్ కవర్‌లకు స్టేజీ మీద, సెట్ మధ్య చేసే అవకాశం ఇస్తున్నారా, లేక పక్కన కూర్చుని నోట్స్ రాసుకోమంటున్నారా? నీ కొలతలకు ఆ పాత్ర బట్టలు సిద్ధంగా ఉన్నాయా, విగ్గు ఒక్కసారైనా పెట్టి చూశారా? రేపు హాఫ్‌కి ముందు కబురొస్తే నీ దగ్గర మాటలు, పాటలు ఉంటాయి సరే. ఆ పాత్రలో ఫైట్ ఉంటే ఫైట్ కాల్, లిఫ్ట్ ఉంటే లిఫ్ట్ కాల్, అంటే షోకి ముందు వాటిని ఒకసారి చేసి చూసుకోవడం, జరగాలి. వింగ్‌లో, అంటే స్టేజీ పక్కన, చీకట్లో బట్టలు మార్చే డ్రెస్సర్ నిన్ను ఏ వైపు తిప్పి జిప్ వేస్తుందో తెలిసి ఉండాలి. అసలు నటి నిలబడే చోటే నిలబడాలి, ఎందుకంటే లైట్ అక్కడే పడుతుంది, ఎదుటి నటుడు అక్కడికే చూస్తాడు. ఆ చోట్లో నీ ఎలిజానో, నీ ఇంకో పాత్రనో నువ్వు వేసుకో, కానీ చోటు మార్చకు. నేను చూసిన మంచి కవర్‌లు సెలవు రోజున హాల్లో వెనక నిలబడి షో అంతా ఆ ఒక్క పాత్ర కాళ్లనే చూసేవాళ్లు. మొహం చూస్తే అనుకరణ వచ్చేస్తుంది. కాళ్లు చూస్తే దారి తెలుస్తుంది.

ఇంకొకటి, అడగడం. మన పిల్లలకు ఇంట్లో నేర్పిన మర్యాద ఈ ఒక్క చోట అడ్డం పడుతుంది. ఆ నటి ఎప్పుడు సెలవులో వెళ్తుందో కంపెనీ మేనేజర్‌కి ముందే తెలుసు. సెలవు వారంలోని ఎనిమిది షోల్లో ఎక్కువ ఫస్ట్ కవర్‌కి వెళ్తాయి, అది న్యాయమే. కానీ ఒకటో రెండో షోలు, బుధవారం మ్యాట్నీ లాంటివి, సెకండ్ కవర్‌కి ఇవ్వమని అడగొచ్చు. చాలా కంపెనీలు ఇస్తాయి కూడా, సెకండ్ కవర్ ఒకసారైనా వేసి ఉండటం వాళ్లకూ భరోసా కదా. అడిగే తీరు తెలియాలంతే. "నాకెందుకు ఇవ్వలేదు" అని కాకుండా, "వచ్చే సెలవు వారంలో ఒక షో నాకు రాసే వీలుందా, నేను సిద్ధంగా ఉన్నాను" అని రెసిడెంట్ డైరెక్టర్‌ని అడుగు. ఫస్ట్ కవర్‌కి కూడా ముందే చెప్పు, చాటుగా చేసినట్టు ఉండకూడదు. కవర్ రన్ ఉంటుందేమో కనుక్కో. కవర్‌లందరూ కలిసి మొత్తం షోని ఖాళీ హాల్లో ఆడే రోజది. ఏజెంట్లనూ, కాస్టింగ్ వాళ్లనూ రానిచ్చే కంపెనీలు ఉన్నాయి. నిన్ను పెద్ద పాత్రలో చూడటానికి వాళ్లకు దొరికే అవకాశం అదే. నీ ఏజెంట్ నిన్ను ఆ పాత్రలో ఇంతవరకూ చూడలేదంటే ఆడిషన్లకు ఏమని చెప్పి పంపుతాడు?

మీ నాన్నగారి మాటకు వద్దాం. ఆ మాట గుచ్చుకుని ఉంటుంది, కానీ అందులో వెటకారం కంటే తికమక ఎక్కువ అనిపించింది నాకు. ఇరవై మంది ఒకేలాంటి టోపీలు పెట్టుకుని తిరుగుతుంటే కన్నతండ్రికైనా వెతుక్కోవాల్సిందే. ఈసారి వాళ్లు వచ్చే ముందు ఒక కాగితం రాసి పంపు. మొదటి పాటలో ఎడమ నుంచి మూడో అమ్మాయిని, చేతిలో పూలబుట్ట ఉంటుంది. సంత సీన్‌లో బండి తోసేది నేనే. విరామం తర్వాత నల్ల కోటు వేసుకుని హీరోతో ఢీకొనేది నేనే. ఇలా ఉంటే షో అంతా నిన్నే చూస్తారు, పక్కసీటు వాళ్లకు చూపిస్తారు కూడా. ఎన్‌సాంబుల్ తల్లిదండ్రులకు నేను ఎప్పుడూ ఇచ్చే సలహా ఇది, పనిచేయని సందర్భం చూడలేదు. ఆ పెద్ద పాత్రలో నిన్ను చూడటానికి మాత్రం, నువ్వు వేసే తేదీ కాగితం మీద ఖాయమైతేనే పిలువు. "రావచ్చు, రాకపోవచ్చు" అని రెడింగ్ నుంచి వాళ్లను రప్పించకు.

గుంపులో ఉండటం చిన్నతనం కాదని ఆయనకు నచ్చజెప్పాలనుకుంటే న్యూయార్క్‌లో ఒక ఆచారం ఉంది, చెప్పు. బ్రాడ్‌వేలో కొత్త మ్యూజికల్ మొదటి రాత్రి, తెర లేవక ముందు, కంపెనీ అంతా స్టేజీ మీద గుండ్రంగా నిలబడతారు. కోరస్‌లో అందరికంటే ఎక్కువ బ్రాడ్‌వే షోలు చేసినవాళ్లకు ఒక అంగీ తొడుగుతారు. లెగసీ రోబ్ అంటారు, 2018 దాకా వేరే పేరుండేది. 1950లో ఒక కోరస్ కుర్రాడు ఇంకో షోలోని స్నేహితుడికి సరదాగా పంపిన డ్రెస్సింగ్ గౌనుతో మొదలైంది. ప్రతి షో వాళ్లూ దాని మీద తమ గుర్తు ఒకటి కుట్టి తర్వాతి షోకి పంపుతారు. అంగీ వేసుకున్నవాళ్లు స్టేజీ చుట్టూ మూడుసార్లు తిరుగుతారు, స్టార్లతో సహా అందరూ చెయ్యి చాచి దాన్ని తాకుతారు, శుభం జరుగుతుందని. హీరోలకు హీరోయిన్లకు ఆ అంగీ ఎప్పటికీ రాదు.

మీ నాన్నగారు నాటకాలు చూసిన తరం అయితే సురభి పేరు ఎత్తు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారితో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజంలో, పిల్లలు స్టేజీ పక్కనే పెరుగుతూ చూసి చూసి అన్ని పాత్రలూ నేర్చుకునేవాళ్లు. ఇవాళ చెలికత్తె, రేపు అవసరమైతే మాయాబజార్‌లో శశిరేఖ. స్వింగ్ అనే పేరు ఎవరూ పెట్టలేదు, అంతే. లేదా రెహమాన్ పేరు చెప్పు. 2002లో ఆయన సంగీతంతో 'బాంబే డ్రీమ్స్' లండన్‌లోని అపోలో విక్టోరియాలో రెండేళ్లు ఆడింది. పైన చెప్పిన కెర్రీ ఎలిస్ 'వికెడ్' కూడా అదే స్టేజీ మీద. మన రంగు మొహాలు వెస్ట్ ఎండ్, అంటే లండన్ పెద్ద థియేటర్ల ఎన్‌సాంబుల్‌లో అంతమంది ఒకేచోట కనిపించడం అప్పటికి కొత్త. అమెరికాలో శోభా నారాయణ్ కూడా ఎన్‌సాంబుల్‌లోంచే వచ్చింది. భరతనాట్యం నేర్చుకుంది, వయొలిన్ వాయిస్తుంది. 2016లో బ్రాడ్‌వేలో అలా అడుగుపెట్టి, తర్వాత 'హామిల్టన్' టూర్‌లో ఎలైజాగా, బ్రాడ్‌వే 'అలాద్దీన్'లో జాస్మిన్‌గా వేసింది. నీ కూచిపూడిని సీవీలో అడుగున రాసి ఉంటే పైకి తీసుకురా.

మాస్టర్స్ విషయంలో నా మాట కొంచెం మీ నాన్నగారి వైపే ఉంటుంది, కానీ ఈ ఏడాదికి కాదు. చదువు ఎక్కడికీ పోదు. షికాగోలో కార్లా స్టిక్లర్ అని ఒకావిడ ఉంది. 'వికెడ్'లో ఏళ్ల తరబడి ఎల్ఫాబాకు అండర్‌స్టడీగా ఉండి, ఆ జీవితంతో అలసిపోయి, కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. 2022 జనవరిలో కోవిడ్ వల్ల వేసేవాళ్లు లేక బ్రాడ్‌వే నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది. వెళ్లి ఆకుపచ్చ రంగు పూసుకుని పాత్ర వేసింది, తర్వాత మళ్లీ తన ఉద్యోగానికి వెళ్లిపోయింది. మీ నాన్నగారు ఇది వినగానే "చూశావా, సాఫ్ట్‌వేర్" అంటారు. అననీ. ఆమెను పిలవడానికి కారణం ఆ పాత్ర ఆమె ఒంట్లో ఉండటం, అది అన్ని ఏళ్ల కవర్ పనితో వచ్చింది.

పబ్బు థియేటర్ గురించి ఎక్కువ చెప్పను. నాలుగు వారాల మెయిన్ రోల్ వినడానికి బాగుంటుంది. అక్కడి విలువ పాత్ర సైజులో ఉండదు, ఎవరు చూడటానికి వస్తారన్న దాంట్లో ఉంటుంది. దర్శకుడెవరు, ఇంతకుముందు వాళ్ల షోలకు కాస్టింగ్ వాళ్లు వచ్చారా, రిహార్సల్స్‌కి కూడా డబ్బిస్తున్నారా, ఇవి అడిగితే పది నిమిషాల్లో తెలుస్తుంది. నాలుగు వారాల తర్వాత లండన్ అద్దె ఎవరు కడతారన్నది కూడా లెక్కేసుకో. టూర్‌లో ఉన్నన్నాళ్లూ అలవెన్స్ వచ్చింది, డిగ్స్‌లో, అంటే టూర్ నటులకిచ్చే అద్దె గదుల్లో ఉండి ఎంతో కొంత వెనకేసుకున్నావు, అది ఒక్క శీతాకాలంలో కరిగిపోతుంది.

నా ఓటు స్వింగ్‌కి, రెండు షరతుల మీద. ఒకటి, స్వింగ్‌తో పాటు ఆ పాత్రకు ఫస్ట్ కవర్ కావాలి. ఇప్పుడున్న ఫస్ట్ కవర్ కొనసాగుతుంటే, కనీసం సెలవు వారాల్లో నీకు ఇన్ని షోలని ముందే ఒప్పుకోవాలి. రెండు, ఏడాది చివర్లో ఆడిషన్లకు వెళ్లడానికి వీలుగా సెలవు రోజుల సంగతి ఇప్పుడే మాట్లాడుకోవాలి. టూర్‌లో న్యూకాజిల్‌లోనో అబర్డీన్‌లోనో ఉండి లండన్ ఆడిషన్లకు రావడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఇవి నువ్వు స్వయంగా బేరమాడకు, ఏజెంట్ చేత అడిగించు. రెండూ కుదరదంటే, అప్పుడు కూడా స్వింగ్ చేయొచ్చు, కానీ ఒకే ఒక కాంట్రాక్ట్, ఆ తర్వాత దాన్ని పొడిగించవని ఇప్పుడే నీకు నువ్వు చెప్పుకుని. రెండు షరతులూ కాదని, పబ్బు థియేటర్ వాళ్ల జవాబులు బాగుంటేనే అటు చూడు. ఎన్‌సాంబుల్‌లో ఇప్పుడున్న అదే ట్రాక్‌లో ఇంకో ఏడాది ఉండమని అడిగి ఉంటే నేను వద్దనే చెప్పేదాన్ని. అందులో నువ్వు నేర్చుకోవాల్సింది అయిపోయింది.

స్వింగ్ మొదలైతే నోట్‌బుక్ సంగతి గుర్తుపెట్టుకో. ప్రతి ట్రాక్‌కి ఒక రంగు, ప్రతి పాటకు ఒక స్టేజీ బొమ్మ, ఎవరెవరు ఎక్కడ దాటుతారో బాణాలతో. డాన్స్ కెప్టెన్ దగ్గర ఉన్న పెద్ద పుస్తకం చూసి నీ సొంతది తయారు చేసుకో, ఫోన్‌లో కాపీ కూడా పెట్టుకో. శరీరం జాగ్రత్త. ఒక్కోసారి రెండు వారాలు ఖాళీగా కూర్చుని, హఠాత్తుగా వరసగా ఆరు షోలు చేయాల్సి వస్తుంది, దెబ్బలు తగిలేది అలాంటప్పుడే. షోలో లేని రోజు కూడా పూర్తి వార్మప్ చెయ్యి.

కంపెనీ వాళ్లు ఎప్పటిలోగా చెప్పమన్నారో నువ్వు రాయలేదు. గడువు తక్కువుంటే ఏజెంట్‌కి ఇవాళే ఫోన్ చెయ్యి. పబ్బు థియేటర్ వాళ్లను మాత్రం ఊరికే ఆపి ఉంచకు. చిన్న కంపెనీలు, రిహార్సల్ హాలు అద్దె ముందే కట్టుకుని ఉంటారు. అడగాల్సిన ప్రశ్నలు రేపటికల్లా అడిగేసి, కాదనుకుంటే ఆ మాట వెంటనే చెప్పు, వాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు.